ధాన్యం ఆరబెట్టని సోలార్ చిమ్నీ డెల్టాకు అక్కర్లేదు

మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేనాటికి కృష్ణా, గోదావరి డెల్టాలో సార్వా కోతలు సాగుతున్నాయి. చేలల్లో పనలు నీట మునిగి, రోడ్ల పక్కన బరకాల కింద రాశులు మొలకెత్తి, రంగు మారిన ధాన్యంతో రైతు దిక్కుతోచక నిలబడ్డాడు. ఏటా ఇలాంటి గండం పొంచి ఉండే ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతంలో సోలార్ చిమ్నీని కరెంటు యంత్రంగా మాత్రమే చూసే ఆలోచనకు ఇక స్వస్తి చెప్పాలి.

గాజు లేదా ప్లాస్టిక్ పైకప్పు కింద ఎండకు వేడెక్కిన గాలి, నడిమధ్యన ఉన్న ఎత్తైన గొట్టంలోకి ఎగసి టర్బైన్‌ను తిప్పే ఏర్పాటును సోలార్ చిమ్నీ అంటారు. జర్మన్ ఇంజనీరు యోర్గ్ ష్లైఖ్ రూపకల్పన చేయగా స్పెయిన్‌లోని మంజనారెస్‌లో 1980లలో నడిచిన నమూనాకు 195 మీటర్ల గొట్టం, 11 ఎకరాలకు పైబడిన పైకప్పు ఉన్నా, దాని శక్తి 50 కిలోవాట్లే. సామర్థ్యం గొట్టం ఎత్తును బట్టి ఉంటుంది గనుక, ఆ ఎత్తులో గాలికి అందిన వేడిలో నూటికి ఒక పాలు కూడా చలనశక్తిగా మారదు. కిలోమీటరు ఎత్తు కట్టినా అది సుమారు 3 శాతం దాటదు. ఆస్ట్రేలియాలో కిలోమీటరు ఎత్తున తలపెట్టిన 200 మెగావాట్ల చిమ్నీ కాగితం దాటి రాలేదు. కరెంటే కావలసినవారికి, పడిన ఎండలో దాదాపు ఐదో వంతును నేరుగా విద్యుత్తుగా మార్చే సౌర ఫలకలు అందుబాటులో ఉన్నాయి.

గిట్టుబాటు దారి ఆకాశంలోకి పోతున్న ఆ వేడిలోనే ఉంది. మంజనారెస్ పైకప్పు కింద గాలి సుమారు 20 డిగ్రీలు వేడెక్కేది. టర్బైన్‌కు చాలని ఆ వేడి ధాన్యానికి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అంతకంటే బాగా వేడి గాలి తగిలితే గింజ పగిలి మిల్లులో నూక పెరుగుతుంది. తేమ 22 శాతం నుంచి 17కు దిగాలంటే టన్ను ధాన్యం నుంచి సుమారు 60 కిలోల నీరు పోవాలి. సగం వేడి వృథా అయినా అందుకు 80 యూనిట్ల వేడి చాలు. పడే ఎండలో మూడో వంతే పట్టినా ఎకరం పైకప్పు రోజుకు సుమారు 6,000 యూనిట్ల వేడినిస్తుంది, అంటే లెక్కకు 70 టన్నుల పైమాటే. అదే ఎకరం మంజనారెస్ తీరున కరెంటిస్తే రోజంతా కలిపి 40 యూనిట్లు రావడం గగనం.

ఈ లెక్క తెలిసీ రైతును తారు రోడ్డు మీదికి తోస్తున్నది ఎవరు? క్వింటాలుకు 2023-24లో 2,183 రూపాయల మద్దతు ధర ప్రకటించినవారే 17 శాతం తేమ గీత కూడా గీశారు. ఆ గీత దాకా ధాన్యాన్ని దింపే కళ్లం బాధ్యత మాత్రం ఎవరి పద్దులోనూ లేదు. రాశి పోయడం, తిరగేయడం, మబ్బు కనిపిస్తే బరకం కప్పడం, కాపలా కాయడం అన్నీ రైతు ఖర్చే. చివరకు తేమ పేరుతో బస్తాకు తరుగు తీసినా అడిగే దిక్కు లేదు. ఆరబెట్టే చోటు చూపకుండా ఆరలేదని ధర కోయడం కొనుగోలు అనిపించుకోదు, జరిమానా అనిపించుకుంటుంది.

అభ్యంతరాలకు కొదవ లేదు. మంజనారెస్ గొట్టం 1989 గాలివానకు కూలిందంటారు: తుప్పుపట్టిన తీగలే దానికి కారణం, పైగా ఆరబోతకు 30, 40 మీటర్ల దిట్టమైన గొట్టం చాలు, సన్నని పొరగా పరిచిన గింజ మీదుగా గాలి నడవడానికి అవసరమైతే చిన్న ఫ్యాన్లు తోడుంటాయి. మబ్బు పట్టిన రోజులకు మిల్లుల్లో ఊక ఉంది, రాత్రులకు నీరు నింపిన నల్లని సంచుల్లో పగటి వేడి దాచుకోవచ్చు. ఏడాదిలో రెండు కోతలకే పనికొస్తుందన్నవారు చింతలపూడి మెట్ట మొక్కజొన్ననూ, కొల్లేటి ఎండు చేపలనూ మరచినట్టున్నారు.

ఒక హద్దు మాత్రం దాటరానిది: 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన కొల్లేరులో, అభయారణ్యపు హద్దైన ఐదో కాంటూరు లోపల ఒక్క స్తంభం కూడా నాటకూడదు. చెరువులు తవ్వి సరస్సును మింగినవారికి పైకప్పు పేరుతో మరో సాకు ఇవ్వరాదు.

కనుక తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డు పరిధిలో ఎకరం పైకప్పుతో మొదటి ఆరబోత చిమ్నీని ప్రభుత్వ ఖర్చుతో కట్టాలి. రూపకల్పన, కొలతల బాధ్యత ఆ ఊళ్లోనే ఉన్న ఎన్‌ఐటీకి అప్పగించాలి. క్వింటాలుకు అయిన ఖర్చు, తగ్గిన తేమ, పట్టిన గంటలు రోజువారీగా యార్డు బోర్డు మీద రాయాలి. ఆ చిమ్నీలో ఆరిన ధాన్యానికి తరుగు తీయరాదని వచ్చే సార్వా కొనుగోళ్లకు ముందే ఉత్తర్వు వెలువడాలి.