వాయిదా మొక్కు

అన్నవరంలో వ్రతకథ విన్నవారికి సాధువనే వర్తకుడు పరిచయమే. బిడ్డ పుడితే వ్రతం చేస్తానన్నాడు. పుట్టాక, పెళ్ళినాటికి చూద్దామన్నాడు. చివరకు చెరసాల పాలయ్యాడు. కంప్యూటరు గదుల్లో ఆయన వారసులు చాలామంది ఉన్నారని నా అనుమానం.

2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ కంపెనీ ఒక హెచ్చరిక చేసింది: తమ సర్వర్లలోని కొన్ని ఎస్.ఎస్.డి. డ్రైవులు 32,768 గంటలు, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలు నడిచాక ఆగిపోతాయట! లోపం ఫర్మ్‌వేరులో, అనగా డ్రైవును లోపలినుంచి నడిపే ప్రోగ్రాములో ఉంది. ఆగాక డ్రైవూ దక్కదు, అందులోని సమాచారమూ దక్కదు. జత డ్రైవు ఉందిగా అంటారా? ఒకేనాడు బిగించినవి ఇంచుమించు ఒకేసారి పోతాయి సుమండీ!

దిద్దిన ఫర్మ్‌వేరును కంపెనీయే ఇచ్చింది. నడిచిన గంటలు చూసుకోండి, సమాచారానికి వేరేచోట నకలు తీయండి, ఆపైన ఫర్మ్‌వేరు మార్చండి. వాయిదా వేసిన వర్తకుణ్ణి స్వామి కరుణించాడు. గంటల లెక్కకు కరుణ లేదు.