ఉపవాసం వేరు, పస్తు వేరు

ఈ మధ్య మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఓ కొత్త జబ్బు మొదలైంది. ఎవర్ని కదిపినా ఒకటే పాట. "ఇంకో ఐదేళ్ళు చేసి, రెండెకరాలు కొనుక్కుని, కరెంటూ గిరెంటూ లేకుండా హాయిగా బతికేస్తా గురూ!" మాది చోడవరం అని తెలియగానే తరవాతి ప్రశ్న "మీ వైపు ఎకరం ఎంతుందేంటి?" అని.

వీళ్ళందరికీ ఆదర్శం కూర్మ గ్రామం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. శ్రీకాకుళం జిల్లా హిరమండలం మండలంలో, అంతకాపల్లి దగ్గర 2018లో మొదలైన ఊరు అది. ఇస్కాన్ స్థాపకులు ప్రభుపాదుల బోధనల ప్రకారం బతుకుదామని కొన్ని కుటుంబాలు అక్కడ చేరాయి. కరెంటు లేదు, సెల్‌ఫోన్ లేదు. సిమెంటూ ఇనుమూ లేకుండా సున్నం, ఇసుక, బెల్లం, కరక్కాయ, మెంతులు లాంటివి కలిపి గోడలు కట్టుకున్నారు. (బెల్లానికి ఇంత గిరాకీ ఉందని ముందే తెలిస్తే మా చెరకు రైతులకి ఇంకో నాలుగు రూపాయలు మిగిలేవేమో :) )

వాళ్ళతో నాకే పేచీ లేదు. అది వాళ్ళ వ్రతం, వాళ్ళ ఇష్టం. నా పేచీ అంతా ఆ వీడియోలు ఏసీ గదిలో చూసి "అసలు దేశమంతా ఇలా బతకాలి" అని తీర్పులిచ్చే మనవాళ్ళతోనే.

ఎందుకంటే, అదే 2018లో ఇంకొకటి కూడా జరిగింది. ఏప్రిల్ 28న దేశంలో అన్ని ఊళ్ళకీ కరెంటు వచ్చేసిందని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అబద్ధమా అంటే కాదు, లెక్క అలాంటిది. ఊళ్ళో బడి, పంచాయతీ ఆఫీసు లాంటి చోట్లకీ, నూటికి పది ఇళ్ళకీ కరెంటొస్తే ఆ ఊరికి కరెంటొచ్చినట్టే. మిగతా తొంభై ఇళ్ళూ, కొండ మీద విసిరేసినట్టుండే శివారు గూడేలూ ఆ లెక్కలోకి రావు. బగ్ అలాగే ఉంచి టికెట్ క్లోజ్ చెయ్యడం మన ఆఫీసుల్లోనే ఉందనుకుంటున్నారా?

చోడవరం నుంచి ఉత్తరంగా చూస్తే కొండలు కనిపిస్తాయి. ఆ కొండల్లోనే అనంతగిరి మండలం, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. అక్కడ రొంపల్లి పంచాయతీలో గూడెం అని 17 గిరిజన కుటుంబాల ఊరు. ఆ ఊళ్ళో మొదటిసారి బల్బు వెలిగింది 2025 చివర్లో. స్వతంత్రం వచ్చిన 78 ఏళ్ళకి! ఆ బల్బు కింద నిలబడ్డవాళ్ళ దగ్గరికెళ్ళి "కరెంటు లేని జీవితం ఎంత పవిత్రమో తెలుసా?" అని ఒక్కసారి అనండి చూద్దాం.

రోజూ తినగలిగినవాడు ఏకాదశికి మానేస్తే ఉపవాసం. గింజలు లేక మానేస్తే పస్తు. రెండిట్లోనూ కడుపు ఖాళీయే. కానీ ఉపవాసం ఉన్నవాడికి ద్వాదశి పారణ ఉంది, ఒంట్లో బాలేకపోతే మధ్యలో విడిచిపెట్టే వీలూ ఉంది. పస్తున్నవాడికి ఆ రెండూ లేవు. రాత్రి పాము కరిస్తే మన రెండెకరాల స్వామి కారు తీసి విశాఖపట్నం పోతాడు. గూడెంలో వాళ్ళు డోలీ కట్టాలి.

ఇంకో మాట. ఈ కలల్లో పిండి రుబ్బేదెవరండీ? నూతిలో నీళ్ళు తోడేది, వడ్లు దంచేది, పొయ్యి ఊదేది ఎవరు? కల కనేది మగాడు, రోకలి పట్టేది ఇంటావిడ. కరెంటు బల్బొక్కటే కాదు, మోటారు కూడా. మోటారొచ్చాక తేలికపడింది ముందు ఆడవాళ్ళ భుజాలూ, తరవాత గానుగెద్దుల మెడలూ. గ్రామ స్వరాజ్యం పేరెత్తేవాళ్ళు గాంధీగారిని అడ్డం పెట్టుకుంటారు గానీ, ప్రతి పల్లె ఇంటికీ కరెంటు ఇవ్వగలిగితే పల్లెజనం తమ పనిముట్లు దాంతో నడుపుకోవడానికి తనకేం అభ్యంతరం లేదని ఆయనే 1935లో హరిజన్ పత్రికలో రాశారు.

"మరి పర్యావరణం సంగతో?" అంటారు. సరే, న్యాయమైన ప్రశ్నే. మా జిల్లా పరవాడలోనే 2000 మెగావాట్ల సింహాద్రి బొగ్గు కేంద్రం ఉంది, ఆ పొగ అబద్ధం కాదు. కానీ గ్రిడ్డు వద్దనుకోవడమంటే కరెంటే వద్దనుకోవడం కాదు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు చూడండి. 1990లో 32 ఎకరాల బీడు భూమిలో మొదలుపెట్టి అడవి పెంచారు, సోలార్ పెట్టుకున్నారు. దీపం ఆర్పకుండానే ప్రకృతితో బతకొచ్చని చూపించారు.

అసలు మన వాటా ఎక్కడుందో చూద్దాం. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో గిగావాట్ స్థాయి డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. ఒక గిగావాట్ అంటే పది వాట్ల బల్బులు పది కోట్లు! మన జీతాలొచ్చేది ఇలాంటి సర్వర్ల మీద నుంచే. అక్కడ ఎవరూ వాడని టెస్ట్ సర్వర్లు శని, ఆదివారాలు కూడా తిప్పుతూ, పొలంలో బుడ్డి దీపం పెట్టుకుని భూమాతని కాపాడేశాం అనుకుంటే అంతకన్నా ఆత్మవంచన లేదు. ముందు ఆ సర్వర్లు ఆపండి. అది మన చేతిలో పని, రేపే చెయ్యొచ్చు.

చదువుకున్నది ఇంజినీరింగే కదా? గూడేల్లో సోలార్ పెట్టడం ఒకెత్తు, రెండేళ్ళకి బ్యాటరీ పోతే చూసే దిక్కుండడం ఒకెత్తు. ఆ దిక్కు మనమవ్వచ్చు. రెండెకరాల మోజులో పదో వంతు దీని మీద పెట్టినా చాలు.

పొలం కొనుక్కోండి, కాదనను. కరెంటు మానేస్తారా, అదీ మీ ఇష్టం. కానీ మీరు వదిలేస్తున్నది ఇంకొకరికి ఇంకా అందని సంగతి మాత్రం మర్చిపోకండి. చివరి గూడేనికి స్విచ్చి పడనివ్వండి. వెయ్యాలో ఆర్పాలో అప్పుడు వాళ్ళే చెప్తారు.