సగటులో లేని మిత్రుడు

సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం తమ్ముళ్లు అడిగారు. హాస్టల్ జ్ఞాపకాలు రాసే సీనియర్లు చాలామంది ఉన్నారు. కనుక నేను ఎం.సి.ఏ. ప్రాజెక్టులో తగిలిన ఒక లెక్క గురించి నా అభిప్రాయం చెబుతాను. కంప్యూటర్ అనగానే పేజీ తిప్పేయకండి, ఇది మన స్కాలర్‌షిప్ సంగతే.

పీజీ హాస్టల్లో మా గదిలో ఐదుగురం. దరఖాస్తు పెట్టిన తేదీ, డబ్బు ఖాతాలో పడిన తేదీ - ఈ రెండూ ఎక్కిస్తే ఎన్ని రోజులు పట్టిందో చూపే చిన్న వెబ్‌సైట్ జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో తయారుచేశాను. తేదీలోంచి తేదీ తీసేయడం తేలికే. గంటలతో సహా దాస్తే మాత్రం జాగ్రత్త. టైమ్‌జోన్ అమరిక ఆన్‌లో ఉంటే జాంగో సమయాన్ని యూటీసీలో దాస్తుంది, అది మనకంటే ఐదున్నర గంటలు వెనక. సర్వర్ ఖాళీగా ఉంటుందని రాత్రి ఒంటిగంటకు పెట్టిన దరఖాస్తు ముందురోజు ఖాతాలోకి పోతుంది!

నలుగురికి 58, 71, 83, 88 రోజులు పట్టింది. ఐదో మిత్రుడికి 310 రోజులైనా రాలేదు. తెరమీద సగటు 75 రోజులని వచ్చింది. అనుమానం వచ్చి చేత్తో వేసి చూశాను. అది నలుగురి సగటే. ఐదోవాడి రెండో తేదీ గడి ఖాళీ. డేటాబేస్ ఖాళీని నల్ అంటుంది. నల్‌లోంచి ఏది తీసినా నల్లే, సగటు తీసేటప్పుడు ఆ వరుసను లెక్కలోకే తీసుకోదు. అందరికంటే ఎక్కువ ఎదురుచూసినవాడే లెక్కలో లేడు. బకాయి కట్టలేదని అతని సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉండిపోయాయి.

మా అమ్మకు చదువు రాదు. కూలికి వెళ్లిన ప్రతిరోజూ గోడమీద బొగ్గుతో ఒక గీత గీసేది, డబ్బు చేతికి రాగానే చెరిపేసేది. గోడమీద మిగిలినవన్నీ రానివే. నా ప్రోగ్రామ్ సరిగ్గా దానికి తలకిందులుగా చేసింది.

తర్వాత కోయలెస్ అనే ఫంక్షన్‌తో ఖాళీ గడి ఉన్నచోట ఈరోజు తేదీ తీసుకోమన్నాను. సగటు 122కు పెరిగింది. "పూర్తికానిదాన్ని పూర్తయినవాటితో కలపడం తప్పు కదా" అన్నారు మా గైడ్ సార్. ఆయన మాటా నిజమే, అతని అంకె రోజూ పెరుగుతూనే ఉంటుంది. అందుకే వచ్చినవారి సగటు ఒకచోట, ఇంకా రానివారు ఎందరు, ఎన్నాళ్లుగా అన్నది దాని పక్కనే చూపించాలని నేనంటాను. మొదటిదొక్కటే చూపి "సగటున 75 రోజుల్లో ఇస్తున్నాం" అంటే ఒప్పుకోకూడదు. రానివారు ఎందరని అడగాలి.

తమ్ముళ్లారా, దరఖాస్తు పెట్టిన రోజే తేదీ నోటుబుక్ చివరి పేజీలో రాసుకోండి. రసీదు జిరాక్స్ తీసి ట్రంకుపెట్టెలో దాచండి. ఆ మొదటి తేదీ లేకపోతే ఏ ప్రోగ్రామూ మీ రోజులు లెక్కకట్టలేదు.