అంబలికి ఏ పాత్ర?

రాగి అంబలి కదా అని రాగి బిందెలో పోసేరు సుమా! పులిసిన అంబలైనా, మజ్జిగైనా రాగినీ, కళాయి పోయిన ఇత్తడినీ, సత్తు గిన్నెల్నీ తినేస్తుంది. రాగి, ఇత్తడైతే వాంతులు కూడా అవుతాయి. స్టీలు క్యానో, మట్టికుండో మేలు.

క్యాను కొనేటప్పుడు కుళాయి విప్పి చూపించమనండి. విప్పడానికి రానిది వద్దేవద్దు. నేనొకటి కొన్నాను, పైకి తళతళలాడుతూనే ఉంది, మూడోనాటికి ఒకటే కంపు! చూస్తే వాషరు వెనక అంబలి పేరుకుపోయింది. అప్పట్నుంచి కుళాయి క్యాను మజ్జిగకే, అదీ వడగట్టి పోస్తాను. చిక్కటి అంబలికి వెడల్పు మూతి కుండ, పొడుగు కాడ గరిటె.

కొత్త కుండైతే రాత్రంతా నీళ్లలో నాననిచ్చి, ఓసారి గంజి కాచి పారబోయండి. అంబలి పులవబెట్టినప్పుడు మాత్రం మూత బిగించకండి, లోపల గ్యాసు పుడుతుంది. పల్చటి గుడ్డ కడితే చాలు.