చిట్టాలోని తేదీ కంప్యూటరులో తప్పిపోరాదు

సహకార సంఘముల చిట్టాలును ఆవర్జాలును కాగితము విడిచి కంప్యూటరులలోనికి చేరుచున్న కాలమిది. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. అంతకు పూర్వమే స్వంతముగా కంప్యూటరు పెట్టుకొనిన సంఘములును గలవు. అట్టివి ఒక డేటాబేసునుండి మఱియొక డేటాబేసునకు తమ లెక్కలను తరలింపవలసి వచ్చును. డేటాబేసనగా పద్దులను గళ్ళుగా అమర్చి దాచు కొట్టు. ఏ గడిలో అంకె పట్టవలెనో, ఏ గడిలో పేరు పట్టవలెనో, ఏ గడిలో తేదీ పట్టవలెనో ముందే నిర్ణయించి యుంతురు. ఈ మార్పు మంచిదే యని మా తలంపు. ఐనను తరలింపు సమయమున తేదీలకు జరుగు అపచారమును గూర్చి సంఘ సభ్యులు తెలిసికొనవలసినది చాల గలదు.

తరలింపు ముగిసిన దినమున కార్యదర్శి మొట్టమొదట చూచునది మొత్తము. పాత పుస్తకములో బాకీలెంత, కొత్తదానిలో నెంత? రెండును సరిపోయినచో సంతకములు పడును. రూపాయలకు మొత్తము గలదు. తేదీలకు మొత్తము లేదు. వేయి తేదీలు తారుమారైనను పుట యడుగున కూడిక తప్పదు. కావున తేదీలను వేఱుగా సరిచూడనిదే పాత పుస్తకమును మూయరాదని మా దృఢాభిప్రాయము.

రైతునకు తేదీ యనగా రూపాయయే. స్వల్పకాలిక పంట ఋణములకు 7 శాతము వడ్డీ యనియు, వాయిదా లోపల చెల్లించినవారికి అందులో 3 శాతము తగ్గింపు అనియు కేంద్ర వడ్డీ రాయితీ పథకము నిర్ణయించినది. 2025-26వ సంవత్సరమునకును అది కొనసాగింపబడినది. లక్ష రూపాయలు ఏడాది వాడుకొనిన రైతునకు ఆ తగ్గింపు 3,000 రూపాయలు. వాయిదానాడు కట్టెనా, మఱునాడు కట్టెనా యనుటలోనే ఆ సొమ్ము నిలుచుటయో పోవుటయో యున్నది.

మొదటి చిక్కు పేరులోనే గలదు. దినము వేఱు, క్షణము వేఱు. వాయిదా తేదీయు పుట్టిన తేదీయు దినములు. వానికి గంటలతో పని లేదు. రసీదు వ్రాసిన సమయము క్షణము. ఒరాకిల్ అను డేటాబేసులో ‘డేట్’ అను గడి పేరునకు తేదీయే గాని, దానిలో గంటయు నిమిషమును సెకనును గూడ దాగియుండును. పోస్ట్‌గ్రెస్‌లోను మై ఎస్‌క్యూఎల్‌లోను అదే పేరుగల గడిలో వట్టి దినము మాత్రమే యుండును. పేరొకటే గదా యని ఒరాకిల్‌నుండి పోస్ట్‌గ్రెస్‌నకు మార్చినచో గంటలు రాలిపోవును. ఒకే దినమున వ్రాసిన రెండు రసీదులలో నేది ముందో తెలియకుండును. ఇది చిన్న నష్టము. ఎదురుదారిని పోవునప్పటి నష్టము పెద్దది.

వట్టి దినములుండు గడినుండి గంటలతో గూడిన గడికి మార్చితిమనుకొందము. వాయిదా మార్చి 31. కంప్యూటరు దీనిని మార్చి 31 సున్న గంటలుగా, అనగా 30వ తేదీ రాత్రి పండ్రెండు కొట్టిన క్షణముగా వ్రాసికొనును. రైతు 31వ తేదీ ఉదయము 11 గంటల 40 నిమిషములకు వచ్చి పూర్తి సొమ్ము చెల్లించి రసీదు తీసికొనెను. చెల్లించిన సమయము వాయిదాను మించరాదను పాత సూత్రమునే కొత్త గళ్ళపై నడపినచో, 11 గంటల 40 నిమిషములు సున్న గంటలను మించినవి గావున రైతు ఆలస్యము చేసినట్లు తేలును. సంఘము తలుపు తీయకమునుపే వాయిదా దాటిపోయినదన్నమాట! యంత్రము అబద్ధమాడలేదు, అడిగిన ప్రశ్నకు సరియైన జవాబే చెప్పినది. ప్రశ్నను మార్చవలెను. ఏప్రిల్ 1 సున్న గంటలకు ముందు చెల్లించెనా యని అడిగినచో ఎవరికిని అన్యాయము జరుగదు. కడపటి దినమున వచ్చువారు సోమరులని కొందఱనుచుందురు. మిరప యమ్మిన సొమ్ము చేతికి ఎప్పుడు వచ్చునో యెఱిగినవారు ఆ మాట యనరు.

రెండవది గడియారముల చిక్కు. మన దేశపు సమయము, లోకమునకంతటికి ప్రమాణమైన యు.టి.సి. సమయమునకు ఐదున్నర గంటలు ముందున్నది. కొన్ని గళ్ళు తమలో వేసిన సమయమును యు.టి.సి.లోనికి మార్చి దాచుకొని, అడిగినప్పుడు తిరిగి మార్చి యిచ్చును; మై ఎస్‌క్యూఎల్‌లోని ‘టైమ్‌స్టాంప్’ అట్టిది. తరలించువాడు ఈ తిరుగుమార్పును మఱచినచో ఏప్రిల్ 1 సున్న గంటలు మార్చి 31 సాయంకాలము ఆఱున్నర యగును. పిమ్మట గంటలను కత్తిరించినచో మిగులునది మార్చి 31. ఒక్క దినమే గదా యందురేమో. ఆ ఒక్క దినముతో పద్దు ఒక ఆర్థిక సంవత్సరమునుండి వెనుకటి సంవత్సరములోనికి పోయినది. పుట్టిన తేదీలును ఇట్లే వెనుకకు జరుగును. ఆధార్ కార్డులో నొకటి, సంఘములో నొకటి యైనచో కచేరీల చుట్టు తిరుగవలసినవాడు రైతే.

ఇందులో నొక వింత చెప్పవలెను. యుద్ధకాలమున, 1942 సెప్టెంబరు మొదలు 1945 అక్టోబరు నడుమవఱకు, మన గడియారములు మఱియొక గంట ముందుకు త్రిప్పబడి యుండెను. 1943లో పుట్టిన ముదుసలి సభ్యుని తేదీని ఆ లెక్కతో లోపలికి పంపి, నేటి ఐదున్నర గంటల లెక్కతో వెలికి తీసినచో ముందటినాటి రాత్రి 11 గంటలు తేలును! పుట్టిన తేదీకిని వాయిదాకును గడియారమును తగిలింపనేరాదు. పైగా టైమ్‌స్టాంప్ గడిలో 1970 జనవరి 1వ తేదీకి ముందటి దినముగాని, 2038 జనవరి 19వ తేదీకి తరువాతి దినముగాని పట్టదు. 1962లో పుట్టిన సభ్యునికి అందు చోటు లేదు. 2025లో ఇచ్చిన పదునైదేండ్ల ఋణమునకు కడపటి వాయిదా 2040. దానికిని చోటు లేదు.

సంవత్సరమును రెండంకెలతో వ్రాయు అలవాటు వేఱొక గొడవ. ‘62’ అని యున్నచో మై ఎస్‌క్యూఎల్ దానిని 2062 అనుకొనును. ఒరాకిల్‌లో ‘ఆర్ఆర్’ అను పద్ధతి నుపయోగించినచో 1962 అగును. ఇంకను పుట్టని సభ్యుడు ఎరువులెట్లు కొనిపోయెనో! దినమును ముందు వ్రాయుట మన వాడుక, నెలను ముందు వ్రాయుట అమెరికా వాడుక. 05/04 అనగా మనకు ఏప్రిల్ 5. అమెరికా పద్ధతిని చదువు కంప్యూటరునకు మే 4. దినము 12కు మించినచో అది తికమకపడి తప్పును బయటపెట్టును. మించనిచో నోరు మెదపదు. ఏడాదిలో ఇట్లు చప్పుడు లేకుండ మాఱిపోగల తేదీలు 132.

తెలియని తేదీని తెలిసినట్లు వ్రాయుటను మేము వీనన్నిటికంటె గర్హింతుము. కొత్త గడి ఖాళీని ఒప్పుకొననిచో, పని జరిగిన చాలునని 1900 జనవరి 1 అని నింపువారు గలరు. ఆ పద్దుపై వడ్డీ కట్టినచో ఋణము తాతలనాటిది యగును. తెలియనిది ఖాళీగానే యుండవలెను. అట్లే ‘మృగశిర కార్తెలో విత్తితిని’ అని రైతు చెప్పినచో అది పదుమూడు పదునాలుగు దినముల కాలము. దానిని జూన్ 8 అని బిగించుట రైతు చెప్పని మాటను రైతు నోట పెట్టుటయే. ఆంధ్ర ప్రాంతపు అడంగలులో 1431 ఫసలీ యనగా 2021 జూలై 1 మొదలు 2022 జూన్ 30 వఱకు. ఆ 1431ని తేదీగడిలోనికి త్రోసినచో ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని ‘డేట్‌టైమ్’ గడి 1753కు ముందటి సంవత్సరములను ఒప్పదు గావున తిరస్కరించును. పోస్ట్‌గ్రెస్ క్రీస్తు శకము 1431 అనుకొని మాఱుమాట లేక స్వీకరించును. తిరస్కరించినదే మనకు మేలు చేసినది.

ఇదంతయు కంప్యూటరు చదివినవారి పని, రైతుకెందుకని కొందఱందురు. గడుల మర్మము వారికి తెలియును, నిజమే. ఫలానా రైతు ఏ దినమున సొమ్ము కట్టెనో వారికి తెలియదు. అది రైతునకును, అతని పెట్టెలోని రసీదునకును తెలియును. కావున పాలకవర్గము పాత గడిలోని వ్రాతను ఉన్నదున్నట్లు అక్షరములుగా కొత్త డేటాబేసులో ప్రక్క గడిని నిలుపుమని కోరవలెను. ప్రతి తేదీగడిలోను మిక్కిలి పాత తేదీ యేది, మిక్కిలి కొత్త తేదీ యేది, ఖాళీలు ముందెన్ని, ఇప్పుడెన్ని యని అడిగి వ్రాతమూలముగా తీసికొనవలెను. మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల పద్దులను ఒక్కటియు విడువక కాగితముతో పోల్చవలెను. తక్కినవానిలో దినము 12కు లోబడినవానిని ఎక్కువగా ఏరి చూడవలెను. సర్వసభ్య సమావేశమునకు సభ్యులు తమ పాసుపుస్తకములను రసీదులను తెచ్చి సరిచూచుకొనుటకు ఒక పూట కేటాయింపవలెను. రసీదునకును కంప్యూటరునకును భేదము వచ్చినచో, అది తేలువఱకు రసీదులోని తేదీనిబట్టియే వడ్డీ కట్టవలెనని ముందుగానే తీర్మానము వ్రాసికొనవలెను.