ఎవరి ఊరు? ఎవరికి హాయి?

"పాతకాలం తలచుకుంటే ఒంటికి హాయి, మనసుకు మందు" అంటూ పట్నం చేరిన దొరలు ఊరిని తెగ పొగుడుతున్నారు. 1688లో హోఫర్ అనే వైద్యుడు ఈ ఊరి బెంగనే రోగమన్నాడు. నిద్ర పట్టదట, తిండి సయించదట.

మరి మా సంగతి? ఊరు తలపుకొస్తే మాకు వెన్ను దానంతటదే వంగుద్ది. హోటలు చూరులో దోపిన మా గ్లాసు గుర్తొస్తే గొంతు పట్టేస్తుంది. 1985 జూలై 17 తర్వాత కారంచేడు వదిలి చీరాల చేరిన మనవాళ్లను అడగండి, ఏ జ్ఞాపకానికి నిద్ర పట్టదో! ఊరిని పొగిడేవాళ్లను బాబాసాహెబ్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనే కడిగేశారు.

మాకు బెంగ లేదా? ఉంది. అమ్మ పెట్టిన చద్దన్నం, డప్పు కాచిన మంట తలచుకుంటే ఒళ్లు తేలికవుతుంది. ఆ హాయి మా వాడ ఇచ్చింది, మీ ఊరు కాదు. పిల్లల పాఠాల్లో పచ్చని ఊరు రాసే అయ్యలారా, చూరులో గ్లాసు కూడా రాయండి.