పైజేబులో శనగలు

పైలట్ అనగానే పైకి చూడకండి. దొనకొండలో బ్రిటిషు కాలంనాటి ఎయిర్‌స్ట్రిప్ పాడుబడి ఉందన్న మాటే గానీ, మన పడమటి ప్రకాశానికి తెలిసిన పైలట్లు రైలింజన్ నడిపే లోకో పైలట్లు. ఊళ్లో ఇప్పటికీ డ్రైవర్లనే అంటాం.

మార్కాపురం, కంభం, గిద్దలూరు దాటి దిగువమెట్ట నుంచి నల్లమలలోకి దూరే గూడ్సు బండిలో అర్ధరాత్రి ఇంజన్లో ఉండేది ఇద్దరే. సిగ్నల్ కనబడగానే ఒకరు చెప్పాలి, రెండోవారు తిరిగి పలకాలి. నిద్రను ఆపడానికి సిగరెట్టే దిక్కని ఏళ్ల తరబడి నమ్మి, ఆపైన మానేసినవాళ్లు ఈ సంచికలో మాట్లాడారు. ఎవరూ వీరగాథ చెప్పలేదు, అదే మాకు నచ్చింది. ఒకాయన చొక్కా పైజేబులో సిగరెట్ పెట్టె ఉండే చోట వేయించిన శనగలు పోసుకున్నారు. చెయ్యి అలవాటుగా అక్కడికే పోతుంది కదా! మానిన మొదటి రెండు మూడు రోజులు చిరాకు, తలనొప్పి, ధ్యాస నిలవదు. అందుకే రెస్టు రోజు చూసుకుని మొదలుపెట్టారట.

పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల్లో పొగాకు ధర పలికితేనే అప్పులు తీరే ప్రాంతం మనది. పొగ మానమని రాయడం మాకూ ఇబ్బందే. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడంపై 2008 అక్టోబరు 2న అమల్లోకి వచ్చిన నిబంధనలు ప్లాట్‌ఫాం మీద పొగను ఆపాయి గానీ, చెట్టుచాటున ఆపలేదు. అయినా, మానాలనుకునేవారి కోసం ఉచిత క్విట్‌లైన్ నంబరు 1800-11-2356 లోపల వేశాం.

శనగలాయన మాత్రం ఫొటో వద్దన్నారు. ఇంట్లో ఇంకా పూర్తిగా నమ్మడం లేదట.